నీళ్ల ట్యాంకు వెనక గొంతు

ఆ రోజు నాచారంలోని ఆ ఇంట్లో ఉన్నది ఆరుగురు. కింది వాటాలో ఇంటి యజమానురాలు సక్కుబాయి, ఆమె భర్త మొగిలయ్య, మొగిలయ్య తల్లి రాజేశ్వరమ్మ, సక్కుబాయి అన్న కూతురు ప్రవీణ. పై వాటాలో అద్దెకుంటున్న రామచంద్రరావు, ఆయన భార్య పద్మావతి. ఈ ఆరుగురిలో ఒకరు మహామేధావి. ఆ సంగతి మిగతా ఐదుగురూ ఎంతకీ కనిపెట్టలేకపోవడంతో ఆయనే మెట్లు దిగి వచ్చి చెప్పాల్సి వచ్చింది.

"నేరం చేసి నా కళ్లు కప్పగలిగిన మనిషి ఇంకా ఈ భూమ్మీద పడలేదు," అన్నాడు రామచంద్రరావు వరండా నడిమధ్య నిలబడి. "పడినా నాచారం వైపు రాడు."

లుంగీ మీద కోటు తొడుక్కున్నాడు. ఎడమ చెవి వెనక సబ్బు నురగ ఇంకా ఆరలేదు. చేతిలో భూతద్దం ఉంది. అది పద్మావతి బియ్యంలో రాళ్లు ఏరుకోవడానికి పెట్టుకున్నది.

ఆయన గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చి, ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, ఆ మర్నాడే అపరాధ పరిశోధన మొదలుపెట్టాడు. ఇంతవరకు చేపట్టిన కేసుల్లోకెల్లా పెద్దది పాలప్యాకెట్టు మాయమైన కేసు. పిట్టగోడ మీద తిరిగే పిల్లిని అనుమానించి, దాని వెనకే సందులన్నీ గాలించి, ఎవరిదో ముళ్లకంచెలో లుంగీ చింపుకుని ఇల్లు చేరేసరికి పద్మావతి ఆ పాలు తోడేసిన పెరుగే వడ్డించింది. ఆ కేసు ఊసెత్తితే, ముద్దాయి ఇంటి మనిషేనని తనకు మొదటి నుంచీ తెలుసంటాడు.

"ఈ ఇంట్లో వరస హత్యలకు రంగం సిద్ధమైంది," అన్నాడు ఇప్పుడు.

మొగిలయ్య ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. ఆవులింత పూర్తి చేసి అన్నాడు: "సార్, కండ్ల మీద నిద్ర ఆగుతలేదు. ఆ హత్యలు జర పొద్దుమీకి పెట్టుకుంటే గాదా?"

రామచంద్రరావు ఆయన మాట పట్టించుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. తను స్నానం చేస్తున్నాడు. ఒంటినిండా సబ్బు పట్టించాడు. సరిగ్గా అప్పుడే కుళాయి ఆగిపోయింది. మోటారు వెయ్యడం మరిచింది మీరేనని పద్మావతి గుర్తుచేసినా ఆయన ఆగలేదు. ఆ భయంకర నిశ్శబ్దంలో, స్నానాలగది కిటికీకి ఆవల, డాబా మీది నీళ్ల ట్యాంకు వెనక నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. అది ఇంగ్లీషులో మాట్లాడింది.

"ఏమందో తెలుసా? రాజేశ్వరమ్మ పాస్డ్ అవే ఆన్ ట్యూస్‌డే అంది. మొగిలయ్య పాస్డ్ అవే ఆన్ వెడ్నెస్‌డే అంది. నా సర్వీసులో ఎన్ని సంతాప తీర్మానాలు రాశానో నాకే తెలీదు. పాస్డ్ అవే అంటే ఏమిటో ఒకరు నాకు చెప్పనక్కర్లేదు. పరమపదించడం."

రాజేశ్వరమ్మకు చెవులు కొంచెం మందం. ఎవరు పోయారని కోడలిని అడిగింది.

"నువ్వేనంట అత్తమ్మా. మంగళారం."

"అయ్యో," అంది రాజేశ్వరమ్మ. "మరి నాకెవలు చెప్పకపోతిరి."

తలుపు చాటున నిలబడ్డ ప్రవీణ చెయ్యి గట్టిగా తలుపు రెక్కను పట్టుకుంది. ఆ గొంతు ఆమెదే.

ప్రవీణ భువనగిరి అవతల పల్లెలో చదువుకుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీ ఇంగ్లీషులో చదవాలంటే ముందు నోరు తిరగాలని, మేనత్త ఇంట్లో ఉండి ఉప్పల్‌లో కమలకుమారి మేడమ్ దగ్గర స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకుంటోంది. ఆ క్లాసు ఒక జిరాక్సు షాపు పైగది. అక్కడ రోజుకొక క్రియ. దానితో పది వాక్యాలు కట్టాలి, గట్టిగా పైకి చెప్పాలి. మేడమ్‌ది ఒకటే నియమం. రాముడు, సీత పేర్లు పనికిరావు, వాళ్లు మీతో ఇంగ్లీషు మాట్లాడరు. ఇంట్లో రోజూ కనబడే మనుషుల పేర్లతోనే చెప్పాలి, అప్పుడే మాట ఒంటబడుతుంది.

'లుక్ ఆఫ్టర్' వచ్చిన రోజు ప్రవీణ వాక్యాల్లో సక్కుబాయి అందరినీ చూసుకుంది. 'గివ్ అప్' వచ్చిన రోజు మొగిలయ్య బీడీలు మానేశాడు, వాక్యంలో. నిన్న 'పాస్ అవే' వచ్చింది. మన హైదరాబాదులో ఎవరు పోయినా ఎక్స్‌పైర్ అయ్యారంటాం, అది తప్పు అంది మేడమ్. మందులు ఎక్స్‌పైర్ అవుతాయి, మనుషులు పాస్ అవే అవుతారు. డై అంటే మొహం మీద కొట్టినట్టుంటుంది, ఇది మర్యాద. ఎవరికి వారు అవ్వాల్సిందే, ఒకరిని ఇంకొకరు పాస్ అవే చెయ్యడం కుదరదు.

అంతా బాగానే ఉంది గానీ, ఇంట్లో వాళ్ల పేర్లతోనే చెప్పాలి కదా. ప్రవీణ నియమం తప్పే పిల్ల కాదు. తెల్లారి ట్యాంకు వెనక నక్కి, లోపల్లోపల అందరికీ దండం పెట్టుకుంటూ ఒక్కొక్కరినే సాగనంపింది. అందరూ ఒకే రోజు పోతే వంటకు ఇబ్బందని వారం పొడుగునా సర్దింది. పద్మావతి ఆంటీకి శుక్రవారం పడితే, పూజ ఉంటుంది కదా అని శనివారానికి మార్చింది. రామచంద్రరావు అంకుల్‌ని మాత్రం వదిలేసింది. ఆ పేరు చెప్పేసరికే ఊపిరి అయిపోతోంది, పాస్డ్ అవేకి మిగలడం లేదు.

క్లాసులో ఆమె ఇంతవరకు నోరు తెరవలేదు. లేచి నిలబడేది, నేల బండలు చూసేది, కూర్చునేది. నిన్న మేడమ్ తేల్చి చెప్పేసింది. రేపు సాయంత్రం పది వాక్యాలూ అందరికీ వినబడాలి, లేదంటే నీ కుర్చీ బయట ఎదురుచూస్తున్న వాళ్లకిస్తాను. కుర్చీకి నోరు లేకపోయినా ఫర్వాలేదు, అందులో కూర్చున్నవాళ్లకు ఉండాలి.

ఆ సాయంత్రం ఇవాళే.

"నా పేరు మాత్రం ఆ గొంతు ఉచ్చరించలేదు," అంటున్నాడు రామచంద్రరావు. "దీన్నిబట్టి తేలేదేమిటి? హంతకికి నేనంటే భయం."

"మీరు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే అనుకుందేమో," అంది పద్మావతి.

సక్కుబాయి నవ్వలేదు. ఆమె కళ్లకు హత్య కనబడలేదు, అంతకంటే ఘోరం కనబడింది. ఇంటి మీద తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, నోటి నుంచి ఏ మాట వస్తే దానికి తథాస్తు అనేసి పోతారు. అందుకే ఆ ఇంట్లో బియ్యం అయిపోయినా నిండుకున్నాయనే అంటారు తప్ప అయిపోయాయనరు. అలాంటి ఇంట్లో బతికున్న మనుషుల పేర్లు పెట్టి, వారాలతో సహా పోయారని అరవడమంటే మాటలా?

"ఆ నోరు ఎవల్దో గానీ దొరకనియ్యి," అంది సక్కుబాయి. "సొంత రక్తమైనా సరే, మూట గట్టి బస్సెక్కిస్త. మల్ల నా గడప తొక్కనియ్య."

ప్రవీణ చూపు తనకు తెలీకుండానే మంచం కింద ఉన్న తన సంచి మీదికి పోయింది. ఒప్పుకుందామనే అనుకుంది. నోరు తెరిచింది కూడా. ఎప్పటిలాగే అందులోంచి ఏమీ రాలేదు.

రామచంద్రరావు గేటు దగ్గరికి నడిచాడు. పైనుంచి తెచ్చిన తాళంకప్ప దానికి బిగించాడు. కేసు తేలేదాకా చీమ కూడా గేటు దాటరాదని ప్రకటించి తాళంచెవి కోటు జేబులో వేసుకున్నాడు. ఆ గేటు దాటి, సందు దాటితే మెయిన్ రోడ్డు. అక్కడ ఉప్పల్ బస్సు.

తర్వాత గొంతుల పరీక్ష జరిగింది. ఒక్కొక్కరూ ముందుకొచ్చి 'పాస్డ్ అవే' అనాలి, ఆయన కళ్లు మూసుకుని వింటాడు. ముద్దాయిది ఆడగొంతే అయినా, మేధావులు దేన్నీ కొట్టిపారేయరు కాబట్టి ముందు మొగిలయ్యను పిలిచాడు. మొగిలయ్య చెప్పింది సగం ఆవులింతే. సక్కుబాయి ఆ మాట అనడానికి ససేమిరా ఒప్పుకోలేదు. కావాలంటే పెరట్లో బొప్పాయిచెట్టు పేరు పెట్టి చెబుతానంది. రాజేశ్వరమ్మ తన బస్సు పాసు కొంగుముడిలోనే ఉందని, కండక్టర్ అడిగితే చూపిస్తానని చెప్పింది. పద్మావతి ఉచ్చారణ ఏ లోపమూ లేకుండా ఉంది. రామచంద్రరావు ఒక్క కన్ను తెరిచి ఆమెను అనుమానంగా చూశాడు. ఆమె రెండు కళ్లతో తిరిగి చూసింది. ఆయన ఆ కోణం వదిలేశాడు.

ప్రవీణ వంతు వచ్చింది. ఆమె ముందుకొచ్చింది. రామచంద్రరావు భూతద్దంలోంచి ఒకసారి చూసి చెయ్యి ఊపేశాడు.

"ఈ అమ్మాయిని వదిలెయ్యండి. ఈమె వచ్చి ఇన్నాళ్లయింది, తెలుగులోనే గొంతెలా ఉంటుందో మనకు తెలీదు. ఇంగ్లీషు ఎక్కడి నుంచి వస్తుంది?"

అందరూ తలలూపారు. ప్రవీణ గోడ దగ్గరికి పోయి నిలబడింది. బతికిపోయాననే అనుకుంది గానీ, ఆ బతికిపోవడం తిట్టుకన్నా ఎక్కువ మండింది. పట్టుబడితే ఊరికి పంపేస్తారు. పట్టుబడకపోతే గేటు తెరుచుకోదు, క్లాసు పోతుంది, అప్పుడూ ఊరికే పంపేస్తారు.

మధ్యాహ్నం అన్నాలయ్యాయి. మొగిలయ్య వరండాలో మంచం వాల్చుకుని, ఈగల బాధకు దుప్పటి తల మీదుగా కప్పుకుని కట్టెలా పడి నిద్రపోయాడు. సక్కుబాయి దేవతలను శాంతింపజెయ్యడానికి లోపల దీపం పెట్టి, గంట వాయిస్తూ, ఇంట్లో ఉన్న సాంబ్రాణి అంతా నిప్పుల మీద వేసింది. పొగ తలుపులోంచి, కిటికీల్లోంచి సందులోకి పోయింది. పద్మావతి పైన టీవీ పెట్టుకుంది. రామచంద్రరావు నేరస్థలంలో నేరాన్ని మళ్లీ నటించి చూడటానికి ట్యాంకు ఎక్కాడు.

ముందు ఆయన మామూలుగానే చెప్పాడు. ఆ గొంతు స్నానాలగది దాకా వెళ్లాలంటే ఎంత గట్టిగా అరవాలో కొలవాలి కదా, అందుకని స్వరం పెంచాడు. "మొగిలయ్య పాస్డ్ అవే," అని అరిచాడు. సాక్షులెవరైనా వింటే వాళ్లకూ అర్థం కావాలి, కేసు బలంగా ఉండాలి, అందుకని తెలుగులోకి కూడా తర్జుమా చేశాడు. "అనగా మొగిలయ్య పరమపదించాడు."

మూడోసారి అరిచేసరికి సందు మొగలో కిరాణా కొట్టు కొమురెల్లి షట్టరు సగం దించేశాడు.

మొగిలయ్య ఆ సందులో పుట్టి పెరిగిన మనిషి. కొమురెల్లి పూలదండ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి వెనకే పదిమంది ఉన్నారు. గేటు చువ్వల్లోంచి చూస్తే కనబడిందేమిటి? వరండాలో మంచం. మంచం మీద నిండా దుప్పటి కప్పిన మనిషి. తలవైపు కూర్చున్న ముసలి తల్లి. లోపలి నుంచి గంట, సాంబ్రాణి పొగ. ఇంకేం చూడాలి? ముందున్న ఆడవాళ్లు రాగం అందుకున్నారు. పొద్దున డ్యూటీ దిగి నడుచుకుంటూ వచ్చినోడు, నిలువునా పాయె అన్నారు. ఇంతమంది ఏడుస్తుంటే తను ఏడవకపోతే బాగుండదని రాజేశ్వరమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొదలుపెట్టింది. దాంతో ఎవరికైనా కాస్త అనుమానం ఉంటే అదీ తీరిపోయింది. డప్పు వాళ్లకు కబురు పంపాలని వెనక నుంచి ఎవరో అన్నారు.

ప్రవీణ పరుగున గేటు దగ్గరికి వెళ్లింది. ఎవ్వలు చావలే అని చెప్పింది. ఆ మాట గేటు చువ్వలు కూడా దాటలేదు. ఒకామె చువ్వల మధ్య నుంచి చెయ్యి పెట్టి ఆమె చెంప నిమిరి, ఏడవొద్దు బిడ్డా, మామకు గంతే రాసిపెట్టి ఉన్నది అంది. ప్రవీణ మళ్లీ చెప్పింది. ఏడుపులో అది ఇంకో ఏడుపులా కలిసిపోయింది. అవతల మెయిన్ రోడ్డు మీద ఉప్పల్ బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది.

ఆమె గొంతు గట్టిగా వచ్చేది ఒకే ఒక్క భాషలో. అదీ ట్యాంకు వెనక, ఒక్క చోటే. కళ్లు మూసుకుని ఎదురుగా మనుషులు లేరు, ట్యాంకే ఉందనుకుంది.

"నోబడీ పాస్డ్ అవే!" అంది ప్రవీణ. "మొగిలయ్య ఈజ్ స్లీపింగ్! ఎవ్రీబడీ ఈజ్ అలైవ్!"

సందు సందంతా నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో దుప్పటి తొలగింది. మొగిలయ్య లేచి కూర్చుని, కళ్లు నులుముకుంటూ గుంపును చూసి, ఎవరు పోయారని అడిగాడు. ముందువరసలో రాగం తీస్తున్న ఇద్దరు వెనకవరసలోకి పోయారు. కొమురెల్లి దండను మెల్లగా వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"అదే గొంతు," అని ట్యాంకు మీద నుంచి రామచంద్రరావు వేలు చూపించాడు. గుంపును చూసి జేబులోంచి తీసిన తాళంచెవి ఆ చేతిలోనే ఉంది. ఆధారాల కోసం ఆయనే మూత తీసిన ట్యాంకులో బుడుంగుమని చప్పుడైంది. "చూశారా, నా ఉచ్చులో పడింది."

సక్కుబాయి హారతి పళ్లెంతోనే బయటికి వచ్చింది. మేనకోడలిని కిందినుంచి పైదాకా చూసింది. ప్రవీణ గొంతు మళ్లీ మాయమైపోయింది. క్లాసు సంగతి, మేడమ్ నియమం, కుర్చీ సంగతి ముక్కలు ముక్కలుగా, నేలను చూస్తూ చెప్పింది. గుంపంతా చెవులు రిక్కించి వింది.

"గంత గొంతు ఎక్కడ దాస్తివే ఇన్ని దినాలు?" అంది సక్కుబాయి. కోపమో కాదో ఆమెకే తెలిసినట్టు లేదు. "మరి తథాస్తు దేవతల సంగతేంది? వాళ్లకేం చెప్తవ్?"

వాళ్లకు ఇంగ్లీషు రాదేమోనని మొగిలయ్య అన్నాడు. దేవతలకు రాని భాష ఉంటుందా అని సక్కుబాయి ఆయన్ని కసిరింది. ఏ భాషలో పోయారో ఆ భాషలోనే వెనక్కి తేవాలి, ఇప్పుడే, ఇక్కడే, అందరి ముందర అంది.

ప్రవీణ తల ఎత్తింది. ముందు అవ్వతో మొదలుపెట్టింది. "రాజేశ్వరమ్మ విల్ నాట్ పాస్ అవే బిఫోర్ హండ్రెడ్ ఇయర్స్." ఇంకా గట్టిగా చెప్పమంది సక్కుబాయి. ఈసారి కిరాణా కొట్టు దాకా వినబడింది.

హండ్రెడ్ ఇయర్స్ అంటే నూరేళ్లని ఎవరో చెవిలో చెప్పగానే రాజేశ్వరమ్మకు నచ్చలేదు. "ఎనభై ఎప్పుడో దాటినయి. ఇంగ నాకు మిగిలేదెంత? నూట ఇరవై అను బిడ్డా. నీ సొమ్మేం పోతది?"

ప్రవీణ నూట ఇరవై అంది. మొగిలయ్యను, అత్తను, పద్మావతిని వెనక్కి తెచ్చింది. అంతలో కొమురెల్లి గేటుకు దగ్గరగా వచ్చి, షట్టరు దించి మరీ వచ్చాను, నా పేరు మీద కూడా ఒకటి చెప్పమన్నాడు. అతని వెనక రాగం తీసిన ఆడవాళ్లు నిలబడ్డారు. ఇంగ్లీషులో ఆయుష్షు పోస్తున్నారని తెలిసి పక్క సందు నుంచి కూడా ఒకరిద్దరు వచ్చారు. పది వాక్యాలు ఎప్పుడో దాటిపోయాయి. ప్రవీణ ఆపలేదు.

రామచంద్రరావు ట్యాంకు దిగి, భుజం దాకా తడిసిన కోటుతో వరస చివర నిలబడ్డాడు. పరిశోధకులకు ఇలాంటివి అవసరం లేదు గానీ, రికార్డు కోసం అన్నాడు. ప్రవీణ గట్టిగా ఊపిరి పీల్చుకుని ఆయన్ని కూడా తొంభైదాకా పాస్ అవే కానివ్వలేదు.

"నీ మూట సంగతి రేపు చూస్త," అంది సక్కుబాయి. "ముందుగాల క్లాసుకు పో. ఆ మేడమ్ కుర్చీ ఇయ్యకపోతే అప్పుడు బస్సెక్కిస్త."

గేటుకు తాళం, తాళంచెవి ట్యాంకు అడుగున. రామచంద్రరావు అయస్కాంతం, దారం అడిగాడు. మొగిలయ్య వచ్చి గేటు రెక్కను కీళ్ల మీంచి పైకి లేపి గోడకు ఆనించి పెట్టాడు. "కీళ్లు ఎన్నడో ఖరాబైనయి సార్. అందరు పండుకున్నప్పుడు డ్యూటీ దిగొస్తే నేను ఇట్లనే తీస్త," అన్నాడు.

ప్రవీణను దించే శిక్ష రామచంద్రరావుకే పడింది. స్కూటరు మీద దారి పొడుగునా ఆయన తన పద్ధతి వివరించాడు. ఆమెను పరీక్షలో వదిలేయడం పెద్ద ఎత్తుగడట. మనసులో రోషం పుట్టించి గొంతు బయటికి లాగడానికట. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర మెట్రో స్తంభాలకు గోతులు తవ్వుతున్నారు. బండ్లన్నిటికీ ఒకే వరస మిగిలింది. ఆ గోతుల్లో ఏదో మతలబు ఉందని ఆయన స్కూటరు ఆపి తొంగి చూడబోయాడు. ప్రవీణ వెనక నుంచి, "గో, అంకుల్," అంది. ఎందుకో ఆయన వెంటనే పోనిచ్చాడు.

జిరాక్సు షాపు పక్క మెట్లు ఎక్కేసరికి క్లాసు మొదలైపోయింది. కమలకుమారి మేడమ్ తలుపు సగం తెరిచి గుమ్మంలోనే నిలబడింది. గది నిండా జనం. మూలన ప్రవీణ కుర్చీలో కొత్తమ్మాయి ఒకతె కూర్చుని ఉంది.

"ఇప్పుడా రావడం?" అంది మేడమ్. "నీ కుర్చీ ఇచ్చేశాను కదమ్మా."

ప్రవీణ నేల బండలు చూడబోయింది. అవి చూడటానికి ఇవాళ ఆమెకు ఓపిక లేదు.

"ఐ విల్ స్టాండ్, మేడమ్," అంది. "టుడే ఐ హావ్ ట్వంటీ సెంటెన్సెస్."

గదిలో తలలన్నీ ఇటు తిరిగాయి. చివరి వరసలో పెన్నొకటి కిందపడితే తీసుకోవడానికి ఎవరూ వంగలేదు. మేడమ్ గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది.

"మేడమ్, ఈ గొంతును కనిపెట్టింది నేనే," అంటూ రామచంద్రరావు మెట్ల మీద నుంచి భూతద్దం ఎత్తాడు. "కేసు మొత్తం మీకు మొదటి నుంచీ వివరిస్తాను. నేను స్నానం చేస్తున్నాను. ఒంటినిండా సబ్బు..."

మేడమ్ ప్రవీణ చెయ్యి పట్టి లోపలికి లాగి, ఆమె వెనకే తలుపు మూసేసింది.